నౌకాజాబితాల్లో తెలుగు పేర్లు: నేటాల్ వలసకూలీల పూర్వికాన్వేషణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

1860-1911 మధ్య ఒప్పందకూలీలుగా నేటాల్‌కు వెళ్ళిన తెలుగువారి వివరాలు నౌకాజాబితాల్లో నమోదయ్యాయి. అయినా నేటి వారసులకు తమ పూర్వికుల పేర్లు వాటిలో సులభంగా దొరకవు. ఆ పేర్లు మారిన తీరును తెలుగు ధ్వనులు, నామకరణ సంప్రదాయం, పరిపాలనా చరిత్రల ఆధారంగా పరిశీలించి, అన్వేషణకు అనుసరించదగిన క్రమాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నేటాల్, నౌకాజాబితా, ఒప్పందకూలీ, ఇంటిపేరు, కలోనియల్ నంబరు, వంశచరిత్ర.

1. ఉపోద్ఘాతం

మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ నౌక 1860 నవంబరు 16న డర్బన్ రేవుకు చేరింది. నేటాల్‌కు ఒప్పందకూలీల వలస దీనితో మొదలై 1911లో ఆగిపోయింది. ఈ కాలంలో వెళ్ళిన 1,52,184 మందిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసులో ఓడ ఎక్కినవారు. వారిలో తమిళులతోపాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు.

ప్రతి నౌకకూ ఒక జాబితా ఉండేది. అందులో కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీది గుర్తులు రాసేవారు. ఒక్కొక్కరికి ఇచ్చిన వరుససంఖ్యే ‘కలోనియల్ నంబరు’. ఈ జాబితాలను ఆధారం చేసుకుని సురేంద్ర భానా 1991లో ప్రచురించిన అధ్యయనం వలసచరిత్ర పరిశోధకులకు సుపరిచితం. అయితే మొత్తం వలసను లెక్కగట్టడం వేరు, ఒక్క మనిషిని గుర్తించడం వేరు. రెండోదానికి పేరును చదవడం తెలియాలి.

2. పేరు చెవులు మారిన తీరు

కూలీ తన పేరును నోటితో చెప్పాడు. రాసినవారు చెవితో విన్నది రాశారు. ఆ పేరు స్వగ్రామంలో రిక్రూటరు దగ్గర, జిల్లాలో నమోదు అధికారి దగ్గర, మద్రాసు డిపోలో, చివరకు డర్బన్‌లో వలసల రక్షకాధికారి కార్యాలయంలో పలుమార్లు వినబడింది, పలుమార్లు రాయబడింది. ప్రతి మజిలీలోనూ రాసేవాని మాతృభాష పేరుమీద తన ముద్ర వేసే అవకాశం ఉంది.

ఆంగ్లలిపిలో హ్రస్వదీర్ఘాల భేదం నిలకడగా ఉండదు. ట-త, డ-ద, ణ-న, ళ-ల జంటలు ఒక్కటైపోతాయి. పదాది ఎకారాన్ని జనం ‘యె’గా పలకడం వల్ల ఎల్లమ్మ, ఎర్రయ్య వంటి పేర్లను అకారాది సూచికలో రెండు చోట్ల వెతకవలసి వస్తుంది. చివరి ‘డు’ ఒకచోట ‘దూ’గా మారుతుంది, మరొకచోట పూర్తిగా పోతుంది. ‘అయ్య’ అన్న చివరి భాగానికి కనీసం మూడు నాలుగు వర్ణక్రమాలు కనిపిస్తాయి. తమిళ వినికిడిలో వెంకటుడు ‘వెంగడు’ కావచ్చు, రాముడు ‘రామన్’ కావచ్చు. కాబట్టి అక్షరాలను పోల్చడం చాలదు; రాసిన పేరును పైకి చదివి, ఒక పల్లెటూరి తెలుగువాడు దాన్ని ఎలా పలికి ఉంటాడో ఊహించాలి.

3. ఇంటిపేరుకు చోటులేని పట్టిక

తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, సొంతపేరు వెనుక వస్తుంది. నౌకాజాబితాలో ఇంటిపేరుకు గడి లేదు. ఉన్నవి సొంతపేరు, తండ్రి పేరు మాత్రమే. తరువాతి కాలంలో ఆంగ్లపద్ధతి ప్రకారం వంశనామం చెప్పవలసి వచ్చినప్పుడు కొందరు కులబిరుదును, కొందరు తండ్రి లేదా తాత సొంతపేరును ఆ స్థానంలో పెట్టుకున్నారు. దక్షిణాఫ్రికాలో ‘నాయుడు’, ‘రెడ్డి’, ‘చెట్టి’ అనేవి వంశనామాలుగా స్థిరపడిన తీరు ఇదే. ఓడ ఎక్కేనాటి కులానికీ దిగిన తరువాతి బిరుదుకూ పొంతన లేని సందర్భాలూ ఉన్నాయి. ఈ కారణాల వల్ల నేటి వంశనామంతో నౌకాజాబితాను వెతకడం చాలాసార్లు నిష్ఫలమవుతుంది.

స్త్రీల విషయంలో చిక్కు రెట్టింపు. నూరుగురు పురుషులకు నలభైమంది స్త్రీలు ఉండాలన్న నియమం వల్ల స్త్రీల వలస నిరంతరం సాగింది. కానీ చిన్నమ్మ, వీరమ్మ, లక్ష్మమ్మ వంటి పేర్లు ఒకే జాబితాలో పదేపదే రావచ్చు. ఇక్కడ వయస్సు, గ్రామం, పక్కపక్క సంఖ్యలే దారి చూపుతాయి. ఒకే కుటుంబంగా బయలుదేరినవారికి సాధారణంగా వరుస సంఖ్యలు పడేవి.

4. పేరులో దాగిన ఊరు

గ్రామనామం చదవడానికి వీలులేనంతగా చెడిపోయినప్పుడు వ్యక్తినామమే ఒక ఆధారమవుతుంది. అప్పలస్వామి, అప్పన్న, అప్పలనరసమ్మ అనే పేర్లు సింహాద్రి అప్పన్న కొలువైన ఉత్తరాంధ్రను సూచిస్తాయి. పైడయ్య, పైడమ్మ పేర్ల వెనుక విజయనగరం పైడితల్లి, నూకయ్య, నూకరాజు పేర్ల వెనుక అనకాపల్లి నూకాలమ్మ కనిపిస్తారు. పెంచలయ్య, పెంచలమ్మ అంటే నెల్లూరు ప్రాంతపు పెంచలకోన గుర్తుకు వస్తుంది. ఇవి నిర్ధారణలు కావు; వెతకవలసిన పరిధిని కుదించే సూచనలు మాత్రమే.

జిల్లా పేరును మాత్రం ఆనాటి సరిహద్దులతోనే చదవాలి. జాబితాలో ‘గంజాం’ అని ఉంటే ఆ ఊరు నేటి ఒడిశాలోనే ఉందని భావించరాదు. చికాకోల్‌గా రాయబడిన శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం ప్రాంతాలు 1936 వరకు గంజాం జిల్లాలోనివే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడేవరకు అందులోని పలు తాలూకాలు ఉత్తర ఆర్కాటులో ఉండేవి.

5. స్వదేశపు పత్రాల మౌనం

ఊరు దొరికిన తరువాత అక్కడి పత్రాల్లో పేరు ఉంటుందనుకోవడం సహజం. కానీ మద్రాసు రాష్ట్రంలో జననమరణాల నమోదు చట్టం 1899లో గానీ రాలేదు. రైతువారీ ప్రాంతాల్లో భూమి ఉన్నవారి పేర్లు రెవెన్యూ రిజిస్టర్లలో కనిపిస్తాయి. ఉత్తరాంధ్రలో అధికభాగం 1802 నాటి శాశ్వత పరిష్కారం కింద జమీందారీగా ఉండిపోయింది. అక్కడి రైతులకు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే ప్రభుత్వంతో నేరుగా పట్టా సంబంధం ఏర్పడింది. ఏ భూమీ లేని పాలేరుకు, రోజుకూలికి ఈ పత్రాలలో దేనిలోనూ చోటు లేదు. కాశీ, గయల పండాల పుస్తకాల్లోకి చేరేది యాత్ర చేయగలిగినవారి వంశాలే. పిచ్చుకుంట్లవారు వల్లించే వంశగాథలూ తమను పోషించే కులాలవే.

ఈ నేపథ్యంలో నౌకాజాబితా విలువ మరోలా కనిపిస్తుంది. మనిషిని ఒక సంఖ్యగా మార్చిన ఆ పట్టికే, అనేకమంది నిరుపేద తెలుగువారి విషయంలో వారి పేరు, తండ్రి పేరు, ఊరు కలిపి రాసిన ఏకైక పత్రం కావచ్చు. ఊళ్ళో మిగిలిపోయిన వారి అన్నదమ్ములకు అంతటి లిఖితసాక్ష్యం కూడా ఉండకపోవచ్చు.

6. అన్వేషణక్రమం

పైచర్చను బట్టి అన్వేషణ పేరుతో కాక సంఖ్యతో మొదలుకావడం మేలు. నేటాల్‌లోని వివాహ, జనన, మరణ పత్రాల్లో కలోనియల్ నంబరు ఉంటే అది నేరుగా నౌకాజాబితాకు చేరుస్తుంది. నంబరు లేనప్పుడు తండ్రి పేరు, గ్రామం, వయస్సు, నౌక వివరాలను కలిపి పరిశీలించాలి. నమూనాగా, కుటుంబం ‘నాయుడు’గా చెప్పుకొనే ఒక పూర్వికుడు జాబితాలో కేవలం ‘అప్పలసామి’గా ఉండవచ్చు. విశాఖ జిల్లా నుండి వచ్చిన అదే పేరువారు పలువురు ఉన్నప్పుడు, తండ్రి పేరు, ఒంటిమీది గుర్తు వారిని వేరుచేస్తాయి. చివరి ముడి ఇంటిపేరు. అది జాబితాలో లేదు; వియ్యానికి ముందు ఇంటిపేర్లు విచారించుకునే అలవాటు వల్ల పెద్దల నోట మిగిలి ఉండవచ్చు. గ్రామనామం, ఇంటిపేరు రెండూ కలిసినప్పుడే స్వగ్రామంలోని ఒక ఇంటి తలుపు తట్టడానికి వీలవుతుంది.

7. ముగింపు

1. దొరకని పేర్లలో చాలా వరకు లేని పేర్లు కావు, వేరే చెవితో విని రాసిన పేర్లు.
2. నేటి వంశనామం కంటే కలోనియల్ నంబరు, తండ్రి పేరు, గ్రామం బలమైన ఆధారాలు.
3. తెలుగు మాండలికాలు, గ్రామదేవతల పేర్లు, పాత జిల్లాల సరిహద్దులు తెలిసిన పరిశోధకులు ఈ జాబితాలను చదవవలసిన అవసరం ఉంది. సూచికలు తయారుచేసేటప్పుడు మూలవర్ణక్రమాన్ని చెరపకుండా, పక్కనే సంభావ్య తెలుగు రూపాన్ని చేర్చడం ఉపయుక్తం.
4. ఇంటిపేర్ల మౌఖికస్మృతిని ప్రవాస కుటుంబాల వృద్ధుల నుండి సేకరించడం తక్షణ కర్తవ్యం. జాబితాలు భాండాగారాల్లో నిలిచి ఉంటాయి. ఆ స్మృతి మాత్రం చెప్పేవారితోనే వెళ్ళిపోతుంది.