పాల నుండి బలమైన ఆహారమునకు: మెదకు ప్రాంతపు పల్లె సంఘాలలో క్రమానుగత ప్రత్యక్షత

చిన్నకోడూరు మండలంలోని ఒక పల్లెలో కొంతకాలం క్రితం ఒక వృద్ధురాలు నన్నొక ప్రశ్న అడిగింది. ఆమె తల్లి చంకలో ఉండగానే బాప్తిస్మము పొందినది. అక్షరం రాదు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, ఒక నలభై కీర్తనలు నోటికి వచ్చు. ఊరికి కొత్తగా వచ్చిన ఒక బోధకుడు, "నీకప్పుడు ఏమీ తెలియదు కనుక ఆ బాప్తిస్మము చెల్లదు, మళ్లీ నీళ్లలో దిగాలి" అని ఆమెతో చెప్పాడట. "గిన్నేండ్ల సంది నేను మొక్కింది ఎవలికి, అయ్యగారూ?" అని ఆమె అడిగింది. ఆ రోజు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ వ్యాసము ఆ జవాబును సరిచేసుకొనే ప్రయత్నము.

దేవుడు తన్నుతాను ఒక్కసారిగా కాక, అంచెలంచెలుగా బయలుపరచుకొన్నాడనునది సంఘము ఆది నుండి నమ్మిన సత్యము. హెబ్రీ పత్రిక మొదటి మాటలే ఈ సంగతి చెప్పుచున్నవి (హెబ్రీ 1:1,2). అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు సర్వశక్తిగల దేవునిగా ఎరిగినవానిని మోషే యెహోవా అను నామముతో ఎరిగెను (నిర్గమ 6:3). అంతమాత్రాన అబ్రాహాము మొక్కినది వేరొక దేవునికి అని ఎవరూ అనరు. క్రీ.శ. 180 ప్రాంతంలో లియోను బిషప్పు ఐరేనియస్, దుర్బోధలకు జవాబు వ్రాయుచు, మానవుడు పసివానిగా సృజింపబడెననీ, తల్లి గట్టి ఆహారము పెట్టగలిగినను బిడ్డ తీసుకొనలేడు కనుక దేవుడు వాని శక్తి కొలది ఇచ్చెననీ వాదించెను. కొరత ఇచ్చువానిలో లేదు, పుచ్చుకొనువానిలో ఉన్నది. 380లో కాన్‌స్టాంటినోపులులో నజియాంజుకు చెందిన గ్రెగరీ దీనిని త్రిత్వ సిద్ధాంతానికి అన్వయించాడు. పాత నిబంధనలో తండ్రి స్పష్టముగాను కుమారుడు మసకగాను, క్రొత్త నిబంధనలో కుమారుడు స్పష్టముగాను, అటు పిమ్మట సంఘములో నివసించుచు ఆత్మ మరింత తేటగాను తెలియబడెనని అతని భావము.

2020 ఏప్రిల్‌లో మా మండలంలోని చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌కు గోదావరి నీళ్లు వచ్చినప్పుడు నేను ఈ సంగతిని ప్రసంగంలో వాడుకున్నాను. ఎక్కడో దిగువనున్న నదిని ఒక్కొక్క పంపుహౌసుతో మెట్టు మెట్టుగా ఎత్తి ఇక్కడికి తెచ్చారు. ఏ మెట్టు దగ్గర చూచినా నీరు గోదావరి నీరే. ఉపమానము కొంతవరకే పనిచేస్తుందని ఒప్పుకుంటాను. నీటిని మనుష్యులు పైకెత్తారు. ప్రత్యక్షతలో దేవుడే క్రిందికి దిగివచ్చెను.

ఇక మన చరిత్ర. వెస్లియన్ మెథడిస్టు మిషను 1870వ దశకం చివరలో సికింద్రాబాదులో పని ప్రారంభించింది. 1895లో నైజాము సంస్థానమునకు వచ్చి, తరువాత మెదకులో స్థిరపడిన చార్లెస్ వాకర్ పాస్నెట్ కాలంలో ఈ ప్రాంతపు మాల, మాదిగ వాడలు గుంపులుగా క్రీస్తు వైపు తిరిగినవి. కుటుంబాలకు కుటుంబాలు, కొన్నిచోట్ల వాడకు వాడే కదిలింది. అక్షరము రానివారి చేతికి గ్రంథమును ఎట్లు అందించాలి? కంఠస్థము చేయించిన ప్రార్థన, ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము, సువార్త కథలు, పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తకవుల కీర్తనలు – ఇవే ఆనాటి వేదాంత కళాశాల. ఊరి ఉపదేశి దానికి ప్రొఫెసరు. దీనిని చులకనగా చూచుట మన సెమినరీలలో ఒక అలవాటు. నేను కూడా బి.డి. చదివే రోజుల్లో చూచితిని.

ఈ విధముగా వచ్చినవారి విశ్వాసము నిజమైనదా అను అనుమానము ఆనాడే ఉండెను. అమెరికా మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ సామూహిక ఉద్యమాలను పరిశీలించి 1933లో ప్రచురించిన గ్రంథంలో, ఏ ఉద్దేశముతో వచ్చారన్నదాని కంటె వచ్చిన పిమ్మట వారికి ఏ పాటి బోధ, కాపుదల దొరికినదన్నది వారి ఎదుగుదలకు ముఖ్యమని చూపించాడు. మొదటి అడుగు చిన్నదైనంత మాత్రాన అది అడుగు కాకపోదు. రెండవ అడుగు వేయించుట మాత్రము కాపరుల పని.

ఆ రెండవ అడుగు పడినదా? 1959లో పి.వై. లూక్, జాన్ కార్మన్ అను ఇద్దరు మెదకు అధ్యక్ష మండలములోని వడియారం పాస్టరేటులో పల్లెలు తిరిగి పరిశోధన చేసిరి. దాని ఫలితము 1968లో గ్రంథముగా వెలువడినది. పల్లె క్రైస్తవులు ఆరాధనకు వచ్చుచునే, పోచమ్మ, మైసమ్మల కొలుపులతో, ఊరి ఆచారాలతో ఏదో విధమైన సంబంధము ఉంచుకొనుచున్నారనీ, వారి వేదాంతము చాలావరకు కీర్తనలలో నిలిచియున్నదనీ వారు కనుగొన్నారు. ఆ పుస్తకము చదివిన కాపరులు కొందరు సిగ్గుపడ్డారు, కొందరు కోపపడ్డారు. నాకైతే బేత్సయిదాలోని గ్రుడ్డివాడు జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు (మార్కు 8:22-25). మొదట చేయి వేసినప్పుడు మనుష్యులు అతనికి చెట్లవలె కనబడిరి. యేసు ఆ మసక చూపును తప్పుపట్టలేదు. అక్కడితో విడిచిపెట్టనూ లేదు, మరల చేయి వేసెను. మా పల్లెలలో మరల చేయి వేయవలసినవారమే ఆలస్యము చేసితిమి. ఒక్కొక్క కాపరికి అనేక గ్రామాలు, నెలకొకసారి ప్రభురాత్రి భోజనము, అదే మొదటి పాఠము మళ్లీ మళ్లీ. పాలు త్రాగుచున్నారని బిడ్డను నిందించుట సులభము (1 కొరింథీ 3:1,2). గట్టి ఆహారము వండినవారెవరు?

వెస్లీ వారసులమని చెప్పుకొను మనము మరచినది ఒకటున్నది. 1742లో బ్రిస్టలులో చర్చి అప్పు తీర్చుటకు వారానికొక పెన్నీ చొప్పున వసూలు చేయ పన్నెండేసి మందిని ఒక జట్టుగా కట్టిరి. వసూలు చేయుటకు వెళ్లినవారు ఆత్మల యోగక్షేమము విచారించుట మొదలుపెట్టగా అది క్లాసు కూటమైనది. ముందుగా వచ్చు కృప, నీతిమంతునిగా తీర్చు కృప, పరిశుద్ధపరచు కృప అని వెస్లీ బోధించిన క్రమము ఆ చిన్న జట్లలోనే రక్తమాంసాలు ధరించెను. చందా వసూలు మన సంఘాలలో నేటికీ చక్కగా సాగుచున్నది, విచారణే ఆగిపోయినది.

ఇంకొక విషయము. మెదకు కెథీడ్రలు 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. దానిలోని మూడు రంగుటద్దాల కిటికీలను అందరూ చూచియుందురు, కాని అవి వచ్చిన క్రమమును గమనించినవారు తక్కువ. బలిపీఠము వెనుకనున్న ఆరోహణ కిటికీ 1927లోను, జనన దృశ్యము 1947లోను, సిలువ దృశ్యము 1958లోను అమర్చబడినవి. అంటే ఇరువది ఏండ్లపాటు అక్కడ మోకరించినవారు మహిమలోనికి వెళ్లుచున్న ప్రభువును మాత్రమే ఆ అద్దాలలో చూచిరి. ఇది ఎవరో ఆలోచించి చేసిన వేదాంతము కాకపోవచ్చును. అయినను మా పల్లెల అనుభవము ఇట్లే ఉన్నది. జ్వరము తగ్గించిన సజీవుడైన యేసు మొదట తెలియును. పశువుల పాక, సిలువ, అబ్రాహాము, ఆదాము తరువాత తెలియుదురు. శిష్యులు సహితము దేవాలయమును గూర్చిన మాటను ఆయన మృతులలోనుండి లేచిన తరువాతనే గ్రహించిరి (యోహాను 2:22). దేవుడు చరిత్రలో బయలుపరచిన క్రమము, ఒక మనిషి దానిని తెలిసికొను క్రమము ఒకటే కానక్కరలేదు. జాన్ కార్మన్, చిలుకూరి వసంతరావు కలిసి ఏబది ఏండ్ల తరువాత అవే పల్లెలను మరల చూచి 2014లో ప్రచురించిన గ్రంథములోను స్వస్థత ద్వారా క్రీస్తునొద్దకు వచ్చినవారితో నిండిన కొత్త కూటములను గూర్చి చదువుదుము. మన పాత సంఘాలు అనేకచోట్ల తగ్గిపోయిన సంగతి కూడ అందులో ఉన్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. యోహాను 16:12,13 ఆధారముగా, అపొస్తలులకు తెలియనిది మాకు తెలిసినదని రెండవ శతాబ్దపు ఫ్రుగియలో మొంతాను అనుచరులు ప్రకటించిరి. వారిని సమర్థించిన తెర్తుల్లియను, ధర్మశాస్త్ర కాలము శైశవము, సువార్త కాలము యౌవనము, ఆదరణకర్త కాలము పరిపక్వత అని వ్రాసెను. అతడు సహితము విశ్వాస ప్రమాణము మారదని పట్టుబట్టెను. నేడు "నాకు కొత్త ప్రత్యక్షత కలిగినది" అని వాల్‌పోస్టర్లు వేయువారు ఆ ఒక్క మాటైనను పాటించుట లేదు. క్రీస్తు తరువాత దేవుడు చెప్పవలసిన వేరొక వాక్యము లేదు. ఎదుగవలసినది మన గ్రహింపు. అపొల్లో యోహాను బాప్తిస్మము మాత్రమే ఎరిగినప్పుడు అకుల, ప్రిస్కిల్ల అతని జ్ఞానమును కొట్టివేయలేదు, అతనిని చేర్చుకొని మరి పూర్తిగా విశదపరచిరి (అపొ. కార్య. 18:26).

ఆ వృద్ధురాలి వద్దకు నేను మరల వెళ్లితిని. ఆమె మొక్కినది యేసుకే అనియు, ఆ నీళ్లు చాలుననియు చెప్పితిని. అయితే ఆమెకు రావలసిన పాఠములు ఎన్నో మేము బాకీపడియున్నాము. ఇప్పుడు ప్రతి గురువారము సాయంత్రము ఆమె ఇంటి అరుగు మీద పదిమందిమి కూర్చుని ఆదికాండము చెప్పుకొనుచున్నాము. శారా నవ్విన చోట ఆమె కూడ నవ్వినది. పోయిన వారము యోసేపును గోతిలో దింపితిమి. మిగిలినది చెప్పనిదే లేవనివ్వనని ఆమె పట్టుబట్టినది.