ప్రయివేటు మేస్టరు పుట్టుపూర్వోత్తరాలు

బడి విడిచాక వొక పిల్లవాడికి వొక మేస్టరు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘికం అన్నీ కూర్చోబెట్టి చెప్పడాన్ని మనం ‘ప్రయివేటు’ అంటున్నాం. ఇది ఈ కాలానికి పట్టిన రోగమనీ, పూర్వం గురువులు విద్యను అమ్ముకోలేదనీ వాపోయేవారు మన ఉపాధ్యాయులలోనే చాలామంది వున్నారు. చరిత్ర ఈ వాదాన్ని బలపరచదు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో దేశీయ పాఠశాలల లెక్కలు పంపమని జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. అవి చూసి 1826 మార్చి 10న అతను రాసిన నివేదిక ప్రకారం మద్రాసు రాజధాని మొత్తంలో 12,498 బడులున్నాయి. వాటిలో చదివేవారు 1,88,650 మంది. ఒక్క మద్రాసు పట్టణంలో ఇళ్ళలో చదువుకునేవారు 26,903 మందని తేలింది. బడికి పోయేవారికి ఇది అయిదు రెట్లు పైమాటే! ఈ అంకెలో పొరపాటు వుండవచ్చునని మన్రోయే అనుమానించాడు. అయినా బంధువులో, సొంతంగా కుదుర్చుకున్న పంతుళ్ళో ఇంట్లో చదువు చెప్పడం జిల్లాలలో కూడా అరుదు కాదని అతనే రాశాడు. కనుక ఇంటి చదువు నిన్న మొన్నటిది కాదు.

అయితే ఆ చదువు ఎవరికి దక్కింది? ఆ లెక్కల్లోనే బడిపిల్లలలో బ్రాహ్మణులు కడప జిల్లాలో 24 శాతం, విశాఖపట్నంలో 46 శాతం. ఆడపిల్లలు బహు కొద్దిమంది. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మరీ ముఖ్యమైనది. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు ఆ జిల్లాలోదే. సుమారు పది లక్షల జనంలో బడికి పోయేవారు 7,000 మంది కూడా లేరనీ, దేశం బీదపడి, మధ్యతరగతివారూ పేదలూ పంతులు జీతం ఇచ్చుకోలేకపోతున్నారనీ అతను రాశాడు. కంపెనీ ఉద్యోగే వొప్పుకున్న నిజమిది. వీధిబడిని స్వర్ణయుగంగా కీర్తించేవారు దీన్ని విస్మరించరాదు.

ఐనా వీధిబడిలో వొక మేలు వుండేది. పంతులు వొక్కడే అక్షరాలు, ఎక్కాలు, లెక్కలు, పద్యాలు అన్నీ చెప్పేవాడు. ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు చెప్పే పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు కూడా. ఎవడి పాఠం వాడిది. 1854 నాటి వుడ్ తాఖీదు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చిన తర్వాత తరగతులు, గంటలు, తనిఖీలు, పరీక్షలు స్థిరపడ్డాయి. చదువు విస్తరించింది, అది పురోగమనమే. కాని, “నీకేం అర్థం కాలేదురా?” అని వొక్కొక్కరినీ అడిగే పని తరగతిలోంచి జారిపోయింది. జారిపోయిన ఆ పనే బజారులో సరుకై కూర్చుంది.

ఇంగ్లీషు వచ్చినవారికి సర్కారు ఉద్యోగాల్లో ప్రాధాన్యమని 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ తీర్మానించడంతో ఈ సరుకుకు గిరాకీ ఏర్పడింది. గురజాడ 1897లో ప్రకటించి, 1909లో తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో గిరీశం కృష్ణరాయపురం అగ్రహారంలో అడుగుపెట్టింది వెంకటేశానికి చదువు చెప్పే నెపంతోనే కదా! ఇంగ్లీషు చదువు మీద ఆశ లేని ఇంట గిరీశానికి పీట వేసేదెవరు? మన సాహిత్యంలో ప్రయివేటు మేస్టరుకు తొలి రూపాలలో అదొకటి.

నేటి మేస్టరు గిరీశం కాడు. నేను తిరువూరులో చూస్తున్న ప్రయివేటు మేస్టర్లు చాలావరకు డిగ్రీ, బి.ఇడి. చదివి ఉద్యోగం దొరకని యువకులు, యువతులు. వేసవి వస్తే వారికి రాబడి లేదు. 1948 దాకా నైజాం సరిహద్దుగా వుండి, 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ మెట్ట ప్రాంతంలో వ్యవసాయ కూలీల పిల్లలు తొలితరం విద్యార్థులు. ఇంట్లో పుస్తకం విప్పి చెప్పేవారు లేరు. ఒంటరిగా కూర్చోబెట్టి చెప్పడం అత్యవసరమైంది వారికే. అది కొనలేనిదీ వారే. వైరుధ్యమంతా ఇక్కడే వుంది.

2025 కేంద్ర ప్రభుత్వ సర్వేలో దేశంలో 27 శాతం బడిపిల్లలు డబ్బిచ్చి బయట చదువు చెప్పించుకుంటున్నట్టు తేలింది. ఉపాధ్యాయులు ప్రయివేట్లు చెప్పరాదని 2010లో అమలుకొచ్చిన విద్యాహక్కు చట్టం 28వ సెక్షను నిషేధించింది. నిషేధం మంచిదే. కాని అవసరాన్ని చట్టం నిషేధించలేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులలో ప్రతి 35 మందికి వొక ఉపాధ్యాయుడైనా వుండాలన్నది కూడా ఆ చట్టమే.

ప్రయివేటు మేస్టరును తిట్టడం తేలిక. అతను చేస్తున్న పనిని తిరిగి బడిలోకి తేవాలనీ, ఆ పనికి ఆ నిరుద్యోగ యువకుణ్ణే జీతమిచ్చి నియమించాలనీ అడగడం కష్టం. విద్యార్థి, ఉపాధ్యాయ ఉద్యమాలు చేయవలసింది ఆ కష్టమైన పనే.