వైరస్ తాకినా సోకనివారు: రహదారి ఊళ్ల నుంచి ఒక చరిత్ర

మెదక్ జిల్లాలోని తూప్రాన్, హైదరాబాద్ నుంచి కామారెడ్డి, ఆదిలాబాద్‌ల మీదుగా నాగపూర్ వైపు సాగే జాతీయ రహదారి మీది ఊరు. ఒకప్పుడు 7వ నంబరుగా, ఇప్పుడు 44వ నంబరుగా పిలిచే ఆ దారి లారీలకు, దాబాలకు ఎంత పేరు పొందిందో, 1990లలో హెచ్‌ఐవి భయానికీ అంతే పేరు పొందింది. 1986లో చెన్నైలో సునీతి సోలోమన్, సెల్లప్పన్ నిర్మల కృషితో దేశంలో ఈ వైరస్ తొలిసారి బయటపడిన తరువాత దాని వ్యాప్తిని రహదారుల వెంట వెతకడం మొదలైంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో ఒకటిగా లెక్కకెక్కగా, నింద మాత్రం లారీ డ్రైవర్ల మీద, సెక్స్ వర్కర్ల మీద పడింది. అయితే భర్తకు వైరస్ ఉన్నా భార్యకు సోకని జంటలు మొదటి నుంచీ కనబడుతూనే ఉన్నాయి. ఆ స్థితికి శాస్త్రీయమైన వివరణ చాలావరకు మరో లారీల దారి నుంచే వచ్చింది.

మొంబాసా రేవు నుంచి ఉగాండా వైపు సరుకు సాగే మార్గంలో ఉన్న కెన్యా రాజధాని నైరోబీలోని పుమ్వానీ వాడలో, 1980ల మధ్య నుంచి ఫ్రాంక్ ప్లమ్మర్ బృందం సెక్స్ వర్కర్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించింది. ఎక్కువమందికి వైరస్ సోకినా, కొద్దిమంది మాత్రం అదే వృత్తిలో ఎంతకాలం కొనసాగినా సోకకుండా మిగిలారని, ఇది కేవలం యాదృచ్ఛికమని చెప్పడం కష్టమని 1996లో ఆ పరిశోధకులు ప్రకటించారు.

మామూలు హెచ్‌ఐవి పరీక్ష వెతికేది ప్రతిరక్షకాలను, అంటే వైరస్ స్థిరపడ్డాక శరీరం రక్తంలోకి వదిలే ప్రొటీన్లను. ఈ స్త్రీల రక్తంలో అవి లేవు. కానీ వారి తెల్లరక్తకణాలను వేరుచేసి, వైరస్ ప్రొటీన్ ముక్కలతో కలిపి ఉంచినప్పుడు, వైరస్ సోకిన కణాలను గుర్తించి చంపే టి-కణాలు కొందరిలో స్పందించాయి. గాంబియా స్త్రీలలోనూ ఇటువంటి స్పందనను 1995లో గుర్తించారు. మరికొందరి జననాంగ స్రావాలలో వైరస్‌ను అడ్డగించగల ఐజీఏ అనే ప్రతిరక్షకం కనిపించింది. ఈ స్పందనే కాపాడిందా, లేక అది వైరస్ వచ్చిపోయినదానికి మిగిలిన గుర్తు మాత్రమేనా అన్న చర్చ ఇంకా ముగియలేదు. 1996లోనే వెలుగుచూసిన మరో కారణం పుట్టుకతో వచ్చేది: వైరస్ కణంలోకి దిగే ద్వారాలలో ఒకటైన సిసిఆర్5 ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులో కొంత భాగం లోపించి, ఆ లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినవారికి ఆ ద్వారం మూసుకుపోతుంది. ఐరోపా సంతతిలో నూటికి ఒకరిలో కనిపించే ఈ మార్పు భారతీయులలో బహు అరుదు గనుక, ఇక్కడి జంటల స్థితిని దానితో వివరించలేము.

పుమ్వానీ నేర్పిన గట్టి పాఠం 2001లో వెల్లడైంది. ఏళ్లపాటు వైరస్‌ను ఎదుర్కొన్న స్త్రీలలో కొందరికి, వృత్తిని తగ్గించిన లేదా కొంతకాలం మానిన తరువాత ఇన్ఫెక్షన్ సోకింది. తరచూ తాకిడి లేకపోతే ఆ రోగనిరోధక స్పందన సన్నగిల్లుతుందని పరిశోధకులు భావించారు. ఒక్క కలయికలో వైరస్ సోకే అవకాశం స్వతహాగా తక్కువే అయినా, సుఖవ్యాధులు ఉంటే అది పెరుగుతుంది కనుక, ఇప్పటివరకు సోకలేదన్నది ఇకమీదట సోకదనడానికి హామీ కాదు.

అందువల్ల తూప్రాన్ వంటి రహదారి ఊళ్లలో మనుషులను కాపాడవలసింది అరుదైన శరీర ధర్మం కాదు, అందరికీ అందే వైద్యం. 2003లో ఆరంభమైన అవాహన్ కార్యక్రమం లారీ డ్రైవర్లకు కండోమ్‌లను, సుఖవ్యాధుల చికిత్సను చేరువ చేసింది. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టి మందులను ఉచితంగా ఇవ్వసాగింది. ఒకరికి మాత్రమే వైరస్ ఉన్న 1,763 జంటల మీద, చెన్నై, పుణె కేంద్రాలు కూడా పాల్గొనగా తొమ్మిది దేశాలలో జరిగిన అధ్యయనం, ముందుగా మొదలుపెట్టిన చికిత్స భాగస్వామికి సోకే ప్రమాదాన్ని 96 శాతం తగ్గిస్తుందని 2011లో తేల్చింది. 2017 నాటి చట్టం బాధితుల పట్ల వివక్షను నిషేధించింది.

సమాజం చులకనగా చూసిన స్త్రీలు తమ రక్తాన్నిచ్చి రోగనిరోధక శాస్త్రానికి కొత్త దారి చూపారు. టీకా పరిశోధన నేటికీ ఆ దారిలోనూ సాగుతోంది. వారి రుణం తీరాలంటే, రహదారి పక్క ప్రతి ఊరిలో పరీక్ష గోప్యంగా, మందు ఆలస్యం లేకుండా, పలకరింపు గౌరవంగా అందాలి.