రైలుబండి సాకుగా ఓ పల్లెటూరు

లక్కపిడతలు ఆడపిల్లలవీ, రైలుబొమ్మ మగపిల్లాడిదీ అని మనం ఏనాడో పంపకాలు చేసేసుకున్నాం. కానీ ఈ రైలుబొమ్మ పుట్టుపూర్వోత్తరాలు తిరగేస్తే, అది పెరిగింది లక్కపిడతల ఇంట్లోనే అని తేలుతుంది.

జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్ళో మార్క్‌లిన్ అని ఒక రేకుపనివాడుండేవాడు. 1859లో ఆయన బొమ్మరిళ్ళకి కావలసిన వంటసామాను చేయడం మొదలుపెట్టాడు. ఆయన భార్య పేరు కరోలిన్. ఆడది ఒంటరిగా ప్రయాణం చేస్తే వింతగా చూసే ఆ కాలంలో ఈవిడ సామాన్ల నమూనాలు పట్టుకుని ఊరూరా తిరిగి, దుకాణాలవాళ్ళని ఒప్పించి ఆర్డర్లు తెచ్చేది. 1866లో భర్త పోయాడు. ఆవిడ దుకాణం కట్టెయ్యలేదు. ఇరవై ఏళ్ళకి పైగా ఈడ్చుకొచ్చి, 1888లో కొడుకుల చేతికి అప్పగించింది. ఆ కొడుకులు 1891లో లైప్‌జిగ్ సంతలో కీ ఇస్తే నడిచే రైలుని పెట్టారు. దాంతోబాటు ముక్కలు ముక్కలుగా అమర్చుకునే పట్టాలు కూడా పెట్టారు. అసలు కిటుకు బండిలో లేదు, ఆ పట్టాల్లో ఉంది. ఈ పండక్కి ఒక చుట్టు, పై పండక్కి ఇంకో నాలుగు ముక్కలు, ఆ పైన స్టేషను, ఆ పైన వంతెన. బొమ్మరింటికి ఏటా ఏదో ఒకటి కొనిపించే పద్ధతే ఇది. ఆ ఆలోచన వెనక తల్లి బుర్ర కూడా ఉండే ఉంటుందని నా అనుమానం.

అలా ఐరోపా ఇళ్ళలోకి రైలు వచ్చి కూర్చుంది. బండి వచ్చింది గానీ ఊరు రాలేదు. రంగులేసిన రేకు స్టేషనొకటి, దాని పక్కన స్టేషనుకంటే పొడుగైన పోర్టరు బొమ్మ ఒకటి. వాటి చుట్టూ బండి గిరగిరా తిరిగేది. ఎక్కేవాళ్ళు లేరు, దిగేవాళ్ళు లేరు. ఎంతసేపని చూస్తారు చెప్పండి? అప్పుడు మొదలైంది చుట్టూ ఊరు కట్టాలనే సరదా. చెట్టూ చేమా, గట్టూ పుట్టా, చర్చీ, సారాకొట్టూ, గుడ్డలారేసిన దండెంతో సహా.

ఈ సరదా ముదిరితే కాపురానికి ఎసరు వస్తుందని చెప్పే కథ ఒకటుంది. లండనుకి దగ్గర్లో బీకన్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో రోలండ్ కాలింగ్‌హామ్ అని ఒక ఎకౌంటెంటుగారు ఉండేవారు. ఇంట్లో గదులన్నీ పట్టాలతో నిండిపోతే, ఇంట్లో రైలన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అని ఇల్లాలు తేల్చి చెప్పిందట. నిజమో, జనం అల్లిందో గానీ ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఇలాగే చెప్పుకుంటారు. ఆయన రైలుని పెరట్లోకి తరలించి, దాని చుట్టూ అడుగుకి అంగుళం లెక్కన మోకాలెత్తు ఇళ్ళతో ఒక ఊరే కట్టించాడు. 1929లో దాన్ని జనానికి చూపించడం మొదలుపెట్టారు. పేరు బెకాన్‌స్కాట్. 1934లో చిన్నారి ఎలిజబెత్ రాకుమారి వచ్చి ఆ వీధుల్లో రాక్షసిలా నడిచి వెళ్ళింది. మన దేశంలోనూ ఇలాంటి ముచ్చట ఒకటుంది. పూనాలో జోషీగారనే ఒకాయన ఏళ్ళ తరబడి చేసిన బొమ్మరైళ్ళ నగరం 1998లో మ్యూజియంగా తెరుచుకుంది.

అన్నట్టు, ఈ ఊళ్ళు దేనితో కడతారో చెబితే మీకు నవ్వొస్తుంది. ఇదంతా మన వంటింటి సరుకే. కొండలు కావాలంటే కోళ్ళగూటికి కొట్టే ఇనుపవల వంచి, కాగితం తడిపి దాని మీద పరిచి, పైన సున్నంలాంటి ప్లాస్టర్ పూస్తారు. కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి బుట్టలు చేసిన మన అమ్మమ్మలకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. పచ్చికకి రంగు ముంచిన రంపపు పొట్టు. నేలకి వాడేసి ఎండబెట్టిన టీ ఆకు. ఎండిన పిచ్చిమొక్కల కొసలు చెట్లు. ఇహ చెరువంటారా, అద్దం ముక్క. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు మెట్ల ముందు ఆవాలు చల్లి పొలాలు మొలిపించి, మధ్యలో అద్దం పెట్టి చెరువు చేసిన చేతులకి ఇది కొత్త కాదు. అయితే మన కొలువు తొమ్మిది రోజులకో మూడు రోజులకో పెట్టెలోకి వెళ్ళిపోతుంది. వాళ్ళ కొలువు ముప్ఫై ఏళ్ళు, నలభై ఏళ్ళు నడుస్తుంది. తేడా అంతే.

ఆ అద్దం కిటుకుతోనే పేరు తెచ్చుకున్నాడు అమెరికాలో జాన్ ఆలెన్ అనే ఫోటోగ్రాఫరు. కాలిఫోర్నియాలో మాంటెరే అనే ఊళ్ళో తన ఇంటి అడుగుభాగంలో నేల నుంచి కప్పు దాకా పర్వతాలు లేపాడు. గది చాలని చోట అద్దం పెట్టి ఊరుని రెట్టింపు చేశాడు. కొత్తగా మెరిసే బొమ్మ ఆయనకి నచ్చేది కాదు. గోడకి పెచ్చులూడాలి, పెట్టెకి తుప్పు పట్టాలి, కప్పు మీద మసి ఉండాలి. వాడిన వస్తువే నిజంగా కనిపిస్తుందని ఆ లోకానికి నేర్పినవాళ్ళలో ఆయన ముందువరస మనిషి. హాస్యం కూడా బాగానే ఉంది. స్టేషను యార్డులో పెట్టెల్ని తోయడానికి ఇంజనుకి బదులు ఒక డైనోసారుని పెట్టాడు! 1973 జనవరిలో ఆయన పోయాడు. పట్టుమని పదిరోజులు కాగానే ఆ ఇంట్లో నిప్పంటుకుని పర్వతాలూ వంతెనలూ చాలామటుకు బుగ్గయ్యాయి. ఇప్పుడు ముఖ్యంగా మిగిలినవి ఆయన తీసుకున్న ఫోటోలే.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఊహలోంచి పుట్టిన ఊళ్ళు. ఉన్న ఊరు కళ్ళముందే పోతోందని దిగులుపడి బొమ్మకట్టినవాడు ఒకడున్నాడు. నేను అసలు చెప్పదలుచుకున్నది అతని సంగతే.

పేరు రోయ్ ఇంగ్లండ్. పేరులో ఇంగ్లండున్నా పుట్టింది మాత్రం ఆస్ట్రేలియాలో. గ్రేట్ వెస్టర్న్ రైల్వే అంటే వల్లమాలిన ఇష్టం. ఆ ఇష్టంతోనే 1925లో, ఇంకా ఇరవై నిండకుండానే, ఓడెక్కి వచ్చేశాడు. ఆ రైల్వే వాళ్ళు ఇంజన్లు తయారుచేసే ఊరు స్విండన్. దానికి దగ్గర్లో తెల్లగుర్రపు లోయ అని ఒక పల్లెసీమ ఉంది. అక్కడ కొండవాలులో నేల తవ్వి, సుద్దరాయి కూరి, సుమారు మూడువేల ఏళ్ళ కిందట ఎవరో ఒక పెద్ద గుర్రం బొమ్మ గీశారు. పొడవు నూటపది మీటర్లు. ఆ గీతల్లో గడ్డి మొలవకుండా చుట్టుపక్కల జనం తరతరాలుగా బాగుచేసుకుంటూ వచ్చారు కనకే అది ఇవాళ్టికీ కనబడుతోంది. లేకపోతే ఎప్పుడో మట్టిలో కలిసిపోయేది.

రైళ్ళు చూడవచ్చిన కుర్రాడికి ఆ లోయలోని ఇళ్ళు కళ్ళకి కట్టేశాయి. గడ్డి కప్పిన పాత ఇళ్ళు, వయసుకి కాస్త ఒరిగిన గోడలు, కర్రచట్రాల మధ్య ఇటుకలు, ముంగిట్లో పూలూ కాబేజీలూ కలిసిపోయిన తోటలు. అయితే అప్పటికే అవి ఒకటొకటిగా రూపు మారిపోతున్నాయి. గడ్డి పీకేసి రేకులు వేస్తున్నారు. చిన్న కిటికీలు తీసేసి కొత్తవి బిగిస్తున్నారు. కొన్నిటిని ఏకంగా పడగొట్టేస్తున్నారు. రోయ్‌కి ప్రాణం ఉసూరుమంది.

ఇక్కడ ఓ మాట చెప్పాలి. ఆ ఇళ్ళలో కాపురం చేసే ఇల్లాళ్ళని అడిగితే రేకులే నయమని ఉండేవారేమో! గడ్డికప్పు చూడవచ్చినవాడికి అందం. వానాకాలంలో గదికో గిన్నె పెట్టుకు తిరిగేదానికి కాదు. మన పూరిళ్ళ సంగతి మనకి తెలీదా? ఆ ఇళ్ళని మార్చొద్దని ఎవరూ ఎవర్నీ శాసించలేరు. రోయ్ కూడా శాసించలేదు, పత్రికలకి ఉత్తరాలు రాసి ఊరుకోనూ లేదు. టేపు పట్టుకుని బయల్దేరాడు.

ఇల్లిల్లూ కొలిచాడు. ఫోటోలు తీశాడు. ఏ గోడ ఏ రంగులో ఉందో, నాచు ఏ మూల పట్టిందో రాసుకున్నాడు. 1930ల మొదట్లో ఇళ్ళ నమూనాలు చేయడానికి కూర్చున్నాడు. కట్టదలిచింది రైల్వే నమూనా. చుట్టూ అలంకారంగా పల్లె ఉంటే బాగుంటుందని అనుకున్నాడు. పోనుపోను పల్లె పెద్దదైపోయింది, రైలు దానికి సాకైపోయింది.

ఆయన ఎంచుకున్న కొలత డెబ్భై ఆరింట ఒక వంతు. ఆ లెక్కన ఆరడుగుల మనిషి అంగుళం కూడా ఉండడు. తొమ్మిదంగుళాల ఇటుక మూడు మిల్లీమీటర్లు, దాని ఎత్తు ఒక్క మిల్లీమీటరు. గోడకి అట్టముక్క తీసుకుని ఆ ఇటుక వరసలన్నీ గాటు పెట్టాలి. ఆ తరవాత నీటిరంగులతో ఒక్కొక్క ఇటుకకీ విడివిడిగా రంగు వెయ్యాలి, ఎందుకంటే నిజం గోడలో ఏ రెండిటుకలూ ఒక్క రంగులో ఉండవు. కుళాయి మరల దగ్గర నీరు కారకుండా ప్లంబర్లు చుట్టే నార ఉంటుంది చూశారూ, దాన్ని చిన్న చిన్న కుచ్చులుగా కోసి, కింద చూరు నుంచి పైకి వరసలుగా అతికిస్తే గడ్డికప్పు. నిజం ఇల్లు కప్పేవాడు చేసే వరస కూడా అదే. పెరట్లో కాబేజీకి కాగితంతో ఆకులు కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అంటించాలి. కొన్ని ఇళ్ళకి లోపల గదులూ సామానూ కూడా అమర్చారు, కిటికీలోంచి తొంగిచూసినా సగం కనబడదు. ఎవరికి కనిపిస్తుందని అడిగితే ఏం చెబుతారు? ముగ్గు ఎవరికోసం వేస్తున్నావని అడిగినట్టే. ఒక్కో ఇంటికి నెలలు పట్టేవి, కొన్నిటికి ఏళ్ళు పట్టేవి.

1954లో లాంగ్ విటెన్‌హామ్ అనే పల్లెలో మూతబడ్డ సారాయిదుకాణం ఒకటి కొన్నాడు. భుక్తికి దాంట్లో ప్రయాణం చేసే కుర్రకారుకి బస ఇస్తూ, వెనకనున్న పాత మిలటరీ షెడ్డులో నమూనాలు పెట్టుకున్నాడు. అదే పెండన్ మ్యూజియం. ఇష్టం ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపారు. గై విలియమ్స్ అనే మిత్రుడు ఇంజన్లు చేసిపెట్టాడు. జాన్ అహెర్న్ అని ఇంకో మహానుభావుడు రైలు నమూనా చుట్టూ నిజమైన ఊరులాంటి ఊరు ఎలా కట్టాలో 1930ల నుంచే చేసి చూపించి, పుస్తకాలు కూడా రాశాడు. ఆయన పోయాక ఆయన కట్టిన మ్యాడర్ వ్యాలీ రైల్వే కూడా ఇక్కడికే చేరింది.

రోయ్ కట్టిన ఊరి పేరు పెండన్ పార్వా. మ్యాపులో వెతక్కండి, దొరకదు. లోయలోని రకరకాల పల్లెల నుంచి ఒక్కో ఇల్లు తెచ్చి ఒకచోట చేర్చాడు. అంచేత ఊరు అబద్ధం, ఇళ్ళన్నీ నిజం. రెండు యుద్ధాల మధ్య ఇంగ్లండు పల్లె ఎలా ఉండేదో తెలుసుకోవాలనేవాళ్ళు ఇప్పుడు అక్కడికి వెళ్ళి చూస్తారు. చరిత్ర పుస్తకాల్లో రాజులున్నారు, ఒప్పందాలున్నాయి. పెరట్లో కాబేజీ మడి ఎక్కడ ఉండేదో, బట్టలు ఎటు ఆరేసేవారో ఏ పుస్తకంలో ఉంది? మన మండువా లోగిళ్ళు మన కళ్ళముందే ఎన్ని పోయాయి! మా బంధువుల్లో ఒకరింటి స్తంభాలు కర్రల అడితికి తోలుకెళ్ళడం నేను చూశాను. వాటి ఎత్తెంతో, వాటి మీద చెక్కిన చిలకలు ఎన్నో ఇప్పుడు ఆ ఇంట్లో పుట్టినవాళ్ళనే అడిగినా ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు.

తమాషా ఏమిటంటే, రోయ్‌ని ఆస్ట్రేలియా నుంచి రప్పించిన ఆ గ్రేట్ వెస్టర్న్ రైల్వే కూడా మిగల్లేదు. 1948లో ప్రభుత్వం రైల్వేలన్నిటినీ కలిపేసుకుంది. 1968 వచ్చేసరికి బ్రిటిష్ రైల్వేవారు పెద్ద లైన్ల మీద ఆవిరి ఇంజన్లనే ఆపేశారు. పల్లెకి సాకుగా పెట్టుకున్న రైలు తనే ఒక జ్ఞాపకమై, అదే బల్ల మీద ఆ ఇళ్ళ పక్కనుంచి నడుస్తోంది.

రోయ్ 1995లో పోయాడు. అప్పటికి పెండన్ పార్వా పూర్తికాలేదు. ఆయన కొలిచిన ఇళ్ళలో కొన్ని కూలిపోయాయి, కొన్ని గుర్తుపట్టలేనంతగా మారాయి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ తీరిక దొరికినప్పుడల్లా వచ్చి కూర్చుని, భూతద్దం కింద ఆకులు కత్తిరిస్తూ, ఒక్కొక్క ఇటుకకీ రంగు వేస్తూ ఆ పని సాగించారు.