క్షమించమని అడిగేదెవరు?

మేముండే మఫ్రఖ్‌కు అరబ్బీలో అర్థం దారులు చీలే చోటు. అబుదాబి దాటాక సౌదీ సరిహద్దులోని గువైఫాత్‌కు వెళ్లే రహదారి ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. పక్కనే ముసఫ్ఫా, అక్కడ 2015లో తెరిచిన సెయింట్ పాల్ చర్చి. డిసెంబరు 25 ఇక్కడ ప్రభుత్వ సెలవు కాదు. డ్యూటీ దిగి, చర్చికి వెళ్లొచ్చాక రాత్రి పిల్లల కోసం ఏదో ఒక క్రిస్మస్ సినిమా పెడతాం. వాళ్ల పక్కన కూర్చున్నప్పుడల్లా నేను వెతికేది ఒక్కటే: తప్పు చేసినవాడు 'క్షమించు' అని అడుగుతున్నాడా?

మా తరానికి క్రిస్మస్ సినిమా అంటే 'కరుణామయుడు'. 1978లో భీమ్‌సింగ్ దర్శకత్వంలో విజయచందర్ యేసుగా నటించిన ఆ చిత్రాన్ని ఊళ్లో తెర కట్టి వేస్తే నేల మీద కూర్చుని చూశాం. కొరడా పట్టినవాళ్లు క్షమాపణ అడగరు. అడక్కముందే సిలువ మీది మనిషి క్షమిస్తాడు.

ఇంగ్లీషు కుటుంబ చిత్రాలు వేరే దారి పట్టాయి. డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ కెరోల్' 1901లోనే తెరకెక్కింది. అందులో పిసినారి స్క్రూజ్ తనే మేనల్లుడి గుమ్మంలోకి వెళ్లి, లోపలికి రానిస్తావా అని అడుగుతాడు. మేనల్లుడు పాత లెక్కలు తీయడు. 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో మాత్రం 8,000 డాలర్లు నొక్కేసిన పాటర్ పశ్చాత్తాపపడడు, అతనికి శిక్షా పడదు.

పిల్లల్ని తోటిపిల్లలే ఏడిపించడం కథకు కేంద్రమైంది రుడాల్ఫ్‌తో. ఎర్రముక్కు దుప్పి కథను 1939లో మాంట్‌గోమరీ వార్డ్ దుకాణాల కోసం రాబర్ట్ మే రాశాడు. 1949లో వచ్చిన పాటలో, వెక్కిరించిన దుప్పులు ఆ ముక్కు వెలుగు అవసరపడ్డాకే రుడాల్ఫ్‌ని నెత్తిన పెట్టుకుంటాయి. అది నాకెప్పుడూ దయలా అనిపించలేదు, అవసరంలాగే అనిపించింది. 1964లో టీవీకి తీసిన బొమ్మల చిత్రం ఆ లోపాన్ని సరిదిద్దింది. అందులో రుడాల్ఫ్ ఇల్లు చేరగానే, ముక్కుతో ఇంకా ఎవరికీ పని పడకముందే, తండ్రీ శాంటా తమ తప్పు ఒప్పుకుంటారు. పిల్లవాడి ముందు పెద్దవాళ్లు తల వంచడం ఎంత పెద్ద విషయమో మన ఇళ్లల్లో పెరిగినవాళ్లకు తెలుసు.

1983లో 'ఎ క్రిస్మస్ స్టోరీ' దెబ్బకు దెబ్బ చూపించింది. రోజూ దారికాసి ఏడిపించే స్కట్ ఫార్కస్‌ని రాల్ఫీ చితకబాదుతాడు. తల్లి ఆ గొడవను తండ్రి ముందు తేలిగ్గా చెప్పి మాట మార్చేస్తుంది. 1990 నాటి 'హోమ్ అలోన్'లో నన్ను కదిలించింది దొంగలపై పిల్లవాడు కెవిన్ పన్నిన ఉచ్చులు కాదు, పొరుగింటి మార్లీ. కొడుకుతో మాటలు పోయి ఏళ్లయినా ఫోన్ చేయడానికి భయపడుతుంటాడు. ఇంటికి ఫోన్ కలిపి, గొంతు పెగలక పెట్టేసిన తండ్రులు ఇక్కడి కార్మికుల క్యాంపుల్లోనూ ఉన్నారు.

ఇక క్రిస్మస్‌ని దొంగిలించే గ్రించ్. 1957 నాటి పుస్తకంలో గానీ, 1966 నాటి టీవీ చిత్రంలో గానీ వాడి కోపానికి గట్టి కారణం లేదు, గుండె చిన్నదేమో అంటారంతే. 2000లో రాన్ హోవర్డ్ కారణం చూపించాడు: బడిలో ఎగతాళి. ఆ వెక్కిరించిన పిల్లవాడే పెద్దయి మేయరయ్యాడు. చివరికి గ్రించ్ తన దొంగతనం అందరి ముందూ ఒప్పుకుని క్షమాపణ చెబుతాడు. దెబ్బతిన్నవాడితోనే ఆ మాట అనిపించి కథ ముగించడం నాకు మింగుడుపడదు. 1964లో ఆ బొమ్మల శాంటా చేసిన పని, 36 ఏళ్ల తర్వాత ఈ మేయరు చేయడు.