సీమలో క్రైస్తవ కీర్తన: పుట్టుపూర్వోత్తరములు

నాపరాతి గనులకు పేరుమోసిన బేతంచెర్ల పరిసరములలో భక్తికి గల చరిత్ర క్రైస్తవము ఈ నేలపై అడుగుపెట్టుటకు చాల పూర్వమే మొదలైనది. మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రము ఈ మండలముననే యున్నది. పోతులూరి వీరబ్రహ్మము ఆవులను కాచుచు కాలజ్ఞానము వ్రాసెనని జనులు చెప్పుకొను బనగానపల్లె పొరుగుననే యున్నది. అన్నమయ్య జన్మించిన తాళ్లపాకయు ఈ రాయలసీమలోనిదే. దైవము నెదుట నిలుపుకొని, నీవని పిలిచి, మొరపెట్టి, అలిగి, మరల వేడుకొనుట ఇచ్చటి జనులకు తరతరములుగా వచ్చిన విద్య. విదేశీయుల గ్రంథములతో పాటు వచ్చిన క్రీస్తును తెలుగువాని యింటి దేవునిగా జేసినది ఈ పాతవిద్యయే; దాని క్రొత్తరూపమే క్రైస్తవ కీర్తన.

ఈ ప్రయత్నము తొలుత పద్యముతో ఆరంభమైనది. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రెంచి జెసూటు పాదిరులు కర్ణాటక మిషను పేర సీమ గ్రామములలో సంచరించుచు, ఈ దేశపు సన్న్యాసుల వేషభాషల నవలంబించి బోధించిరి. ఆ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రమును ‘వేదాంత రసాయనము’ అను ప్రబంధముగా రచించెను. తెలుగు ఛందస్సు క్రైస్తవ కథను మోయగలదని అది నిరూపించినది. కాని ప్రబంధము పండితుల సొత్తు. పొలమునుండి వచ్చిన కూలివానికి దానితో పొత్తు కుదరలేదు.

తరువాత అచ్చుపుస్తకము వచ్చెను. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషనువారు ఆనందరాయరను బ్రాహ్మణుని సాయముతో సువార్తలను తెనిగింపగా, మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున ముద్రితములయ్యెను. 1822లో ఆ మిషను కడపలో నిలిచినది; 1854లో ఆంగ్లికను మిషనువారు ముత్యాలపాడున స్థిరపడి, క్రమముగా కలసపాడు, నంద్యాల ప్రాంతములకు వ్యాపించిరి. ఆంగ్లికను ఆరాధన యంతయు ప్రార్థన పుస్తకముపై ఆధారపడినది. ఏ దినమున ఏ ప్రార్థన, ఏ పాఠము చదువవలెనో అందు నిర్ణీతమై యుండును. క్రమశిక్షణకు అది గొప్ప సాధనమే. అయినను అక్షరమెరుగని సభికుడు గురువు చెప్పినదానిని వల్లించుటయే గాని, తన కష్టమును తన మాటతో దేవునికి విన్నవించుకొను త్రోవ అందు ఇరుకైనది.

ఆ త్రోవను విశాలము చేసినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో కన్నుమూసిన ఈ మహనీయుడు పల్లవి, అనుపల్లవి, చరణముల కట్టుబాటులో, దేశీయ రాగతాళములలో కీర్తనలు రచించెను. మతము మారెనుగాని ఆయన చెవి మారలేదు. పాపి పశ్చాత్తాపమును, రక్షకుని కారుణ్యమును, శరణాగతిని భద్రాచల రామదాసు బాణీ నెరిగిన జనులకు ఆ కీర్తనలు సుబోధము గావించినవి.

కీర్తన గ్రామములలో నిలిచిన విధము గమనింపదగినది. చదువు వచ్చిన ఉపదేశి యొక్కడు పల్లవి నెత్తుకొనును. సభ దానిని తిరిగి పలుకును. నాలుగు వారములు గడచునప్పటికి చరణములన్నియు కంఠస్థములగును. పుస్తకము ఒక్కటియే యున్నను పాట ఊరంతటి దగును. 1876–78 నాటి ఘోర క్షామము బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను పీడించిన పిమ్మట మాల మాదిగ పల్లెలనుండి వేలాదిమంది క్రైస్తవ సంఘములలో చేరిరి. గుడిగడప దాటుటకు నోచుకొనని ఆ కుటుంబములకు, మధ్యవర్తి లేక దేవుని పేరుపెట్టి పిలుచుట అపూర్వమైన స్వాతంత్ర్యము. దినమంతయు చాకిరి చేసి వచ్చి, దీపము ముందు కూర్చుండి పాడిన కుటుంబ ప్రార్థనలో ఆ స్వాతంత్ర్యము దైనందిన సాధనగా మారెను.

కాలక్రమమున ఈ రచనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అను సంపుటముగా కూడినవి. ప్రతి కీర్తనకు రాగతాళములు సూచించు ఆ గ్రంథమును వేర్వేరు మిషనుల సంఘములు సమానముగా స్వీకరించినవి. 1912లో డోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య దేశీయ సంగీతమును, ఉత్సవములను ఆరాధనలో ప్రోత్సహించెను. 1947 సెప్టెంబరు 27న వేర్వేరు సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో అనేకులు చాలకాలము దానికి వెలుపల నుండిరి. పరిపాలనలో చీలిక వచ్చినను పాటలో మాత్రము రాలేదు.

భక్తిమార్గము కీర్తనతో ఆగలేదు. 1938లో బైబిలు మిషను స్థాపించిన ముంగమూరి దేవదాసు, విన్నపము ముగించి దేవుని సన్నిధిలో మౌనముగా కనిపెట్టుట నేర్పెను. ఆయన స్వయముగా కీర్తనకారుడు కూడ. పంజాబునుండి వచ్చి హైదరాబాదులో హెబ్రోను సమాజమును నెలకొల్పిన భక్తసింగు, ప్రతి విశ్వాసియు ప్రాతఃకాలమున ఏకాంతముగా వాక్యము చదివి ప్రార్థింపవలెనని పట్టుబట్టెను. సభలో పాడుట, ఇంట కూడుట, ఏకాంతమున మౌనము వహించుట అను మూడింటియందును కోరబడునది దేవుని సామీప్యమే. ఒకటి మరియొకదానికి ప్రత్యామ్నాయము గాదు; కాని తెలుగునాట మొదటి మెట్టు పాటయే.

నేడు సీమ దేవాలయములలో క్రొత్త వాద్యములు, క్రొత్త బాణీలు మ్రోగుచున్నవి, అవి రావలసినవే. పాత కీర్తనలను మాత్రము శీర్షిక క్రింది రాగతాళములతో సహా పాడగలవారు తగ్గిపోవుచున్నారు. బేతంచెర్ల, డోన్, బనగానపల్లె ప్రాంతముల సంఘములు తమ వృద్ధులచేత ఆ పాటలు పాడించి, వరుసలు భద్రపరచి, ఆదివారపు బడిలోని పిల్లలకు నేర్పవలెను. దేవునికి దగ్గర కాగోరువారికి తాతలు నడిచిన బాట ఇది. దీనిని పూడిపోనీయకుండుట మన కర్తవ్యము.