ఒకే కాగజ్ మీద రెండు జబాన్లు

మా ఇంటి కంప్యూటర్‌లో విండోస్ 98 ఉన్నంతకాలం ఉర్దూకీ తెలుగుకీ ములాకాత్ లేదు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడికి అదో ముసీబత్. ఉర్దూ టైపుకి 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఉండేది. అందులోని నూరీ నస్తలీఖ్ ఖత్ 1981 నాటిది. మీర్జా అహ్మద్ జమీల్ తన చేత్తో వేలాది అక్షర జోడింపులు రాసి కంప్యూటర్‌కి అందించిన సొగసు అది. కానీ ఆ ఫైలు ఇన్‌పేజ్ దాటితే బేజుబాన్! తెలుగు ఫాంట్ల హాల్ కూడా అంతే. మరో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలే.

2001లో విడుదలైన ఎక్స్‌పీకి మారాక కిస్సా మారింది. అది యూనికోడ్ మీద నడిచేది. ప్రతి హర్ఫ్‌కీ దునియా అంతటా ఒకటే నంబర్. తెలుగుకి గౌతమి ఫాంట్ దాంతోపాటే వచ్చింది. సెట్టింగుల్లో ఒక టిక్కు పెడితే ఉర్దూ కుడి నుంచి ఎడమకి నడిచింది.

అబ్బా దగ్గరున్న ఖాందాన్ షజ్రా మొత్తం ఉర్దూలోనే. పిల్లలకి తెలుగే వచ్చు. ఇద్దరి కోసం ఒకే ఫైల్లో రెండు లిపుల్లో ఎక్కించాను. అబ్బా ఖుష్ అయ్యారు గానీ, నస్ఖ్ అక్షరాలు చూసి, “ఇది అరబ్బీ కితాబులా ఉంది బేటా” అన్నారు. వాజిబే. విండోస్‌తోపాటే నస్తలీఖ్ ఫాంట్ రావడానికి 2012 నాటి విండోస్ 8 దాకా ఆగాల్సొచ్చింది.

ఇప్పుడు పిల్లలు పర్‌దాదా పేరు తెలుగులో చదివి, పక్కనున్న ఉర్దూలో ‘నూన్’ ఎక్కడుందా అని వెతుకుతారు.